దిగులుగా ఉన్నాడు

తెల్లాపూర్‌లో మా బడి కిటికీ అవతల
బండలు తొలిచే యంత్రం
తొమ్మిదింటికే అందుకుంటుంది:
ర్ర్ర్ర్ర్ర్.
తొమ్మిదో తరగతి బి సెక్షను, స్పానిష్ రెండో ఏడు.
"అదిగో, అలా పలకండి" అంటాను.
ముప్ఫై నాలుకలు అంగిట్లో దరువేస్తాయి.
పెరో అంటే కానీ.
పెఱ్ఱో అంటే కుక్క.
నాలుక అదుపు తప్పిందా
"వద్దామనుకున్నా కుక్క ఒంట్లో బాలేదు" అయిపోతుంది మాట.

నవ్వులు సద్దుమణిగాక బోర్డు మీద ఱ రాశాను.
ఒక్కరూ పోల్చుకోలేదు.
"ఇదేం బండి మిస్?" అన్నాడు మౌర్య,
పేరు తెలియకుండానే పేరు పెట్టేస్తూ.
బండి ఱనే నాయనా,
మన అక్షరమాలలో రిటైరై
ఇక్కడ మళ్ళీ కొలువులో చేరింది.

"మీరు స్పెయిన్ చూశారా?"
ఏటా జూన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు.
నా స్పానిష్ తార్నాక దాటి ఎక్కడికీ పోలేదు.
ల్యాబులో, ఒక చెవే పనిచేసే హెడ్‌ఫోన్లో
ఎవరో ఆవిడ రైలు టికెట్ కొంటుంటే
ఆమె వెనక క్యూలో నిలబడి నేర్చుకున్నాను.
ఆ రైలు నేనింకా ఎక్కలేదు.

ఇంగ్లీషు దారిన వచ్చినవాళ్ళు
మె గుస్తా దగ్గర బోర్లా పడతారు.
"నేను ఏది మిస్? ఇందులో నేను ఎక్కడుంది?"
నాకు నచ్చింది, అని చూడండి.
నచ్చినదే పని చేస్తుంది,
మనం ఒక కు పట్టుకుని పక్కన నిలబడతాం, అంతే.
ఆముక్త తలెత్తింది.
అమ్మమ్మతో ఫోన్లో తప్ప వాడని భాష
యూనిట్ టెస్టుకి పనికొస్తుందని
ఆ పిల్లకి ఇప్పుడే తెలిసింది.

వాళ్ళకి ఉండటానికి రెండు క్రియలు.
మనిషి ఏమిటో చెప్పడానికి సేర్.
ఎలా ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో చెప్పడానికి ఎస్తార్.
"నేను హైదరాబాదీని." మనకైతే క్రియే అక్కర్లేదు.
"నేను లింగంపల్లి ట్రాఫిక్‌లో ఉన్నాను." ఇక్కడ కావాలి.
"రోజూ అక్కడే కదా మిస్,
సేర్ వేసేయొచ్చుగా?" అన్నాడు జునైద్.

మేసా అంటే మన మేజాబల్లే.
సోబ్రెమేసా అంటే
తిన్నాక కూడా దాని దగ్గర నుంచి లేవకపోవడం.
ఎంగిలి చెయ్యి ఎండి,
మెతుకు వేలికి పెచ్చుకట్టినా
"కడుక్కుంటాలే" అంటూ ఇంకో కబురు ఎత్తుకోవడం.
ఆ పని మనకీ ఉంది, పేరే పెట్టుకోలేదు.
శుక్రవారం హోంవర్కు ఇచ్చాను:
ఫోన్లు వేరే గదిలో పెట్టి అరగంట అలా కూర్చోండి.
ఎనిమిది వాక్యాలు.

సోమవారం దొంతరగా నోటుపుస్తకాలు.
సగం ఇళ్ళలో బిర్యానీయే, సగం అబద్ధమే.
జునైద్ వాళ్ళ ఫూఫీ రాత్రి ఒంటిగంట దాకా
ఎవరి పెళ్ళినో ఉతికి ఆరేసిందట,
దానికి వాడు వాడిన క్రియ
నేనే నిఘంటువులో వెతుక్కున్నాను.

చివరి బెంచీ తేజోమయి
ఎప్పుడూ నాలుగు వాక్యాలు దాటదు. ఈసారీ నాలుగే.
ఆగస్టు నుంచి నాన్నకి ఆఫీసు లేదు.
నాన్న ఇంట్లో ఎస్.
నాన్న త్రీస్తె ఎస్.
నిన్న మా చేతులు ఎండిపోయాయి.

ఎర్రపెన్ను రెండు చోట్ల ఆగింది.
ఎస్ కొట్టేసి ఎస్తా అని రాశాను.
కింద మళ్ళీ ఎస్ కొట్టేసి ఎస్తా.
పక్కన ఖాళీలో, స్కూలు రూలు ఒప్పుకోకపోయినా,
తెలుగులో రాశాను:
దిగులుమనిషి కాదమ్మా. దిగులుగా ఉన్నాడు.
రూలు అంతవరకే చెప్తుంది.
ఎన్నాళ్ళు అన్నది దాని పరిధిలో లేదు.

నాలుగో వాక్యంలో
దిద్దడానికి ఏమీ దొరకలేదు.
కిటికీ అవతల యంత్రం
భోజనానికి ఆగింది.